ఆండ్రాయిడ్ ఫ్రీ అయితే హువావే ఫోన్లలో ప్లే స్టోర్ ఎందుకు లేదు?

"ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్సే కదా, ఎవరైనా వాడుకోవచ్చు" అని చాలామంది వాదిస్తుంటారు. అది సగమే నిజం. కోడ్ ఫ్రీనే, కానీ ప్లే స్టోర్, మ్యాప్స్, యూట్యూబ్ లాంటివి ఫోన్‌లో వేసి అమ్మాలంటే గూగుల్ లైసెన్స్ కావాలి.

2019 మేలో అమెరికా ప్రభుత్వం హువావేని ఎంటిటీ లిస్టులో పెట్టింది. అంటే ప్రభుత్వ అనుమతి లేకుండా అమెరికా కంపెనీలు దానికి టెక్నాలజీ ఇవ్వకూడదు. ఆ సెప్టెంబర్‌లో వచ్చిన మేట్ 30లో ఆండ్రాయిడ్ ఉంది, ప్లే స్టోర్ మాత్రం లేదు. చైనాలో ఎలాగూ గూగుల్ సర్వీసులు ఉండవు కాబట్టి, దెబ్బంతా బయటి దేశాల అమ్మకాల మీదే పడింది. 2024లో హువావే ఆండ్రాయిడ్ యాప్స్ నడవని హార్మొనీ ఓఎస్ నెక్స్ట్ తెచ్చింది.

నన్నడిగితే, కోడ్ అందరిదీ అయినా తాళంచెవి స్టోర్ ఉన్నవాళ్ల దగ్గరే ఉంటుంది. అందుకే విదేశీ మోడల్ చవగ్గా దొరికితే, కెమెరా కంటే ముందు ప్లే స్టోర్ ఉందో లేదో చూసుకోండి.