వానలో పనిచేసిన వెదర్ యాప్ ఎండలో క్రాష్ అయితే?

ఓపెన్‌వెదర్ ఏపీఐతో సొంతంగా వెదర్ యాప్ చేస్తున్నారా? అయితే ఇది మీకోసమే. సర్వర్ పంపే జేసన్ డబ్బాలో డబ్బా పెట్టినట్టు ఉంటుంది. టెంపరేచర్ నేరుగా దొరకదు, 'మెయిన్' అనే ఆబ్జెక్ట్ లోపల 'టెంప్' పేరుతో ఉంటుంది. 'వెదర్' అయితే ఏకంగా ఒక లిస్ట్, అందులో మళ్లీ ఆబ్జెక్టులు.

కోట్లిన్‌లో రూల్ సింపుల్. ఒక్కో రకం డబ్బాకి ఒక్కో డేటా క్లాస్ రాయాలి. పేర్లు, టైపులు మ్యాచ్ అయితే మిగతాది లైబ్రరీయే చూసుకుంటుంది.

అసలు చిక్కు 'రెయిన్' దగ్గరే. వాన పడుతుంటేనే ఈ ఫీల్డ్ వస్తుంది. దీన్ని తప్పనిసరి అని రాశారనుకోండి, ఎండ రోజున కోట్లిన్ఎక్స్ సీరియలైజేషన్ వెంటనే ఎర్రర్ ఇస్తుంది. జీసన్ లైబ్రరీ అయితే చప్పుడు చేయకుండా నల్ పెట్టేస్తుంది. ఆ వాల్యూ వాడిన చోట యాప్ క్రాష్ అవుతుంది, తప్పెక్కడో వెతుక్కోవాల్సింది మనమే!

అందుకే టైప్ పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. కోట్లిన్ఎక్స్‌లో అదొక్కటే చాలదు, డిఫాల్ట్‌గా నల్ కూడా ఇవ్వాలి. వాన రోజుది ఒకటి, ఎండ రోజుది ఒకటి రెస్పాన్స్ సేవ్ చేసుకుని, రెండింటితోనూ టెస్ట్ చేశాకే యాప్ ఫ్రెండ్స్‌కి పంపండి.