మెట్లు దిగడం అంత కష్టమా?

నిన్న పొద్దుటే 42.195 కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన మనిషి, ఇవాళ కమ్మీ పట్టుకుని, వెనక్కి తిరిగి ఒక్కొక్క మెట్టే దిగుతూంటే ఎవరికి నవ్వురాదు? మా అమ్మాయి పకపకా నవ్వింది. "ఎక్కేటప్పుడు బాగానే ఎక్కావుగా నాన్నా, దిగడానికేం?" అంది.

మా ఆవిడ మాత్రం నవ్వలేదు. అంతకు ముందు యేడు, అంటే 2023లో, జరిగిన భాగోతం ఆవిడ మరచిపోలేదు.

ఆ యేడు ఆగస్టులో హైదరాబాదు మారథాన్, అక్టోబరులో గోవాలో ట్రయథ్లాన్. రెండింటికీ డబ్బు కట్టేశాను. గోవా పోటీ అంటే 1.9 కిలోమీటర్లు సముద్రంలో ఈత, వెంటనే 90 కిలోమీటర్లు సైకిలు, ఆపైన 21.1 కిలోమీటర్ల పరుగు. మధ్యలో ఉన్నవి కొద్ది వారాలే. మారథాన్ అయిన ఆరోనాటికి నొప్పులన్నీ పోయాయి. ఒళ్ళు దూదిపింజలా ఉంది. ఇంకేం, బూట్లు బిగించి బయలుదేరాను. నాలుగో కిలోమీటరులో ఎడమ పిక్కమీద ఎవరో రాయి విసిరినట్లయింది. ఆటోలో ఇల్లు చేరాను. ఆరు వారాలు పరుగు లేదు, గోవా లేదు, కట్టిన డబ్బూ రాలేదు. సైకిలు మాత్రం తడి తువ్వాళ్ళు ఆరేసుకోవడానికి పనికొచ్చింది.

అమ్మాయి అడిగిన ప్రశ్నలోనే అసలు కిటుకంతా ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు తొడకండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు శరీరం బరువును ఆపుతూనే సాగుతుంది. కండరపు పోగుల్లో సన్నని చిరుగులు పడేది ఈ రెండో పనిలోనే ఎక్కువ. పరుగులో ప్రతి అడుగూ ఇలాంటి దిగుడే. అందులోనూ మన హైదరాబాదు దారిలో ఫ్లైవోవర్లకు కొదవా? నొప్పి రెండో రోజూ, మూడో రోజూ ముదిరి, వారంలో మాయమవుతుంది. ఆయాసం అంతకన్నా ముందే పోతుంది. కాని నొప్పి పోయినంత మాత్రాన చిరుగులన్నీ అతుక్కున్నట్టు కాదు. ఎముకకు అంటుకుని ఉండే నరాలు, అదే స్నాయుబంధాలు, మరీ నిదానస్తులు. నేను మోసపోయింది అక్కడే.

అందుకని 2024లో పెత్తనం ఇంట్లోవాళ్ళకు అప్పగించాను. మొదటి నాలుగు రోజులూ నడక తప్ప మరేమీ లేదు. కండరాల్లో దాచుకున్న పిండిపదార్థం ఆ పరుగులో చాలావరకు ఖర్చయిపోతుంది కనక, అన్నం దగ్గరా పెసరట్ల దగ్గరా నేనేమీ మొహమాటపడలేదు. నొప్పిమాత్రలు వద్దన్నారు మా డాక్టరుగారు. చితికిన కండరంనుంచి వచ్చే పదార్థాన్ని వడపోస్తూ మూత్రపిండాలు అప్పటికే సతమతమవుతూంటాయట. మూత్రం కాఫీరంగులో వస్తే మాత్రం గంట కూడా ఆగకుండా ఆస్పత్రికి రమ్మన్నారు.

అమ్మాయి ఒక నోటుబుక్కు పెట్టి, నిద్ర లేవగానే నా నాడి లెక్కపెట్టేది. మామూలుగా 54. మారథాన్ మర్నాడు 63. అది దిగివచ్చేదాకా ఈతకైనా సెలవు లేదంది. వేళ్ళమీది బొబ్బలు మానేదాకా కొలనులో దిగడం నాకూ ఇష్టం లేదు. ఆరోనాటికి 56కి దిగింది. ఆ రోజు మోకాళ్ళ మధ్య స్పాంజి బెండు బిగించి, చేతులతోనే ఇరవై నిమిషాలు ఈదాను. కాళ్ళమీద బరువు పడదు. ప్రాణం హాయిగా ఉంటుంది. ఎనిమిదోనాడు చదునుదారిన సైకిలు, తేలిక గేరులో, అరగంట.

పదోనాడు తెల్లవారుజామున మా సైకిలు బృందం ఫోను చేసింది. అనంతగిరి కొండలకు పోదాం, రమ్మని! వానలు వెలిసిన ఆకాశం, ఘాటుదారి, పైన వేడివేడి టీ. నిజం చెప్పొద్దూ, చెయ్యి శిరస్త్రాణం మీదికి పోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు. బాల్కనీలో ఉన్న సైకిలుమీద ఒక తడి తువ్వాలు తెచ్చి ఆరేసింది.

పదిహేనోరోజున పార్కులో మట్టిబాటమీద ఇరవై నిమిషాలు పరుగెత్తాను. ముసలాయన ఒకరు చేతికర్రతో నన్ను దాటిపోయారు కూడా. గట్టి సాధన నాలుగోవారంలోగాని మొదలుపెట్టలేదు.

అక్టోబరులో గోవా వెళ్ళాం, ముగ్గురమూ. నా ముందు ఎందరు వచ్చారో అడక్కండి. పరుగు ఆఖరి కిలోమీటరులో ఎడమ పిక్క ఒకసారి పలకరించి ఊరుకుంది. మర్నాడు హోటలు మెట్ల దగ్గర అమ్మాయి కెమెరా పట్టుకుని కాచుకుని ఉందిగాని, నేను లిఫ్టులో దిగాను.