అరచేతి పెట్టె, అందరి దారి

గణపురం చెరువు తూము ఎత్తితే నీళ్లు ముందు కట్ట కింది మళ్లకు పారతాయి, చివరి మడికి ఆఖరున. నడుమ ఎవరైనా కాల్వలో మోటారు దించితే చివరి రైతు పొలం ఎండుతుంది. భూపాలపల్లిలోనైనా, మహబూబాబాద్, జనగామ పల్లెల్లోనైనా ఈ లెక్క ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2014లో అమెరికాలో అమ్మకానికొచ్చిన ఒక చిన్న పెట్టె సంగతి చదివినప్పుడు నాకు ఆ కాల్వే గుర్తొచ్చింది.

దాని పేరు అనోనాబాక్స్. మోడెమ్‌కు తగిలించి ఫోన్‌ను దాని వైఫైకి కలిపితే చాలు, నెట్‌లో చేసేదంతా టార్ గుండా పోతుందని ప్రచారం. టార్ మన సమాచారాన్ని ఉల్లిపాయలా మూడు పొరల్లో చుట్టి, మూడు కంప్యూటర్ల మీదుగా పంపుతుంది. ఒక్కో చోట ఒక్కో పొర విడుతుంది. మొదటిదానికి మనం ఎక్కడినుంచి వచ్చామో తెలుసు, ఎక్కడికి పోతున్నామో తెలియదు. చివరిదానికి గమ్యం తెలుసు, మనమెవరో తెలియదు. అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో 1990ల్లో మొలిచిన ఈ ఆలోచన 2002 నుంచి నెట్‌వర్క్‌గా నడుస్తోంది. దాన్ని మోసే వేల కంప్యూటర్లు ఒక కంపెనీవి కావు. స్వచ్ఛందంగా నడిపేవాళ్లు సొంత డబ్బుతోనో విరాళాలతోనో బిల్లులు కడతారు. ఎవరో చేసిన నేరానికి, చివరి కంప్యూటరు నడిపేవాళ్ల ఇళ్లకు పోలీసులు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి.

కొత్త వస్తువుల తయారీకి జనం నుంచి ముందుగా డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైట్‌లో అనోనాబాక్స్ అడిగింది 7,500 డాలర్లు. కొద్ది రోజుల్లోనే 5.85 లక్షల డాలర్లకు హామీలొచ్చాయి. సొంత తయారీ అన్న హార్డ్‌వేర్ చైనా మార్కెట్లో దొరికేదేనని బయటపడటంతో కిక్‌స్టార్టర్ ఆ ప్రచారాన్ని ఆపేసింది. వేరే చోట అమ్మకం సాగింది. 2015లో సుమారు 350 పెట్టెల్ని వెనక్కి పిలిచారు. వాటి వైఫైకి పాస్‌వర్డే లేదు, పక్కింటివాళ్లయినా లోపలికి రావచ్చు.

నా బాధ అంతకంటే పెద్దది. అలాంటి పెట్టె దారిని వాడుకుంటుందే గానీ దారి వేయదు. ఫోన్ అప్‌డేట్లూ సినిమా డౌన్‌లోడ్లూ టార్ అనే ఆ ఇరుకు కాల్వలోకే వస్తే, నిజంగా ప్రాణభయంతో రాసే విలేకరి పేజీ తెరుచుకోక ఎదురుచూడాలి. పైగా ఫేస్‌బుక్‌లోకి సొంత పేరుతో లాగిన్ అయ్యాక ఎంత చాటు దారిలో వచ్చినా ఫేస్‌బుక్‌కు మనమెవరో తెలిసిపోతుంది. అలాగని జనం రావొద్దనను. గుంపు పెద్దదైతేనే అందులో ఒకరు కనిపించకుండా ఉండగలరు. వచ్చినవాళ్లు తమ వంతు మోయాలి, అంతే.

అలా మోయగల పెట్టె కూడా ఉంది. న్యాయశాస్త్ర ఆచార్యుడు ఎబెన్ మోగ్లెన్ 2010లో ప్రతిపాదించిన ఫ్రీడమ్‌బాక్స్ అది. దాని కోడ్ రాసినవాళ్లలో హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. దాంట్లో టార్ పేజీ తెరిస్తే, నెట్ మీద నిర్బంధం ఉన్న దేశంలో ఎవరికో మన నెట్‌ను టార్‌లోకి వంతెనగా ఇచ్చే ఎంపిక కనిపిస్తుంది. గోప్యత పేరుతో పెట్టెలు అమ్మే ప్రతివాళ్లూ ఆ ఎంపికను కొనేవాళ్లకు మొదటి పేజీలోనే చూపించాలి.