వేగానికి ఎంత బరువు?

కార్ నికోబార్ దీవికి చెందిన డెబోరా హెరాల్డ్ 2004 సునామీ నుంచి బయటపడిన బాలిక. తరవాత ట్రాక్ సైక్లిస్టుగా ఎదిగి, 2015లో 500 మీటర్ల టైమ్ ట్రయల్ ప్రపంచ ర్యాంకింగుల్లో 4వ స్థానానికి చేరింది. అదే ద్వీపసమూహానికి చెందిన ఎసో ఆల్బెన్ 2018లో స్విట్జర్లాండ్‌లో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్ విభాగంలో రజత పతకం సాధించాడు.

ఇవి రెండూ క్షణాల్లో తేలిపోయే పోటీలు. ఇలాంటి స్ప్రింటర్లు సైకిలు తొక్కడంతో పాటు బరువులు కూడా ఎత్తుతారు. మరి, ఎత్తగలిగినంత గరిష్ఠ బరువును రోజూ ఎత్తితే వేగం ఇంకా పెరగదా? పెరగదు. ఎందుకో చూద్దాం.

పావు సెకను గడువు

ట్రాక్ సైకిలుకు గేరు మార్చే వీలు లేదు. టైమ్ ట్రయల్‌లో నిలిచి ఉన్న సైకిలును కదిలించాలి కనుక మొదటి తొక్కుల్లో పెద్ద బలం కావాలి. వేగం పుంజుకున్నాక లెక్క మారుతుంది. పెడళ్ళు నిమిషానికి 120 చుట్లు తిరిగితే ఒక్కో చుట్టుకు అర సెకను. అందులో ఒక కాలు పెడల్‌ను కిందికి నొక్కేది పావు సెకను మాత్రమే! కండరం తన పూర్తి బలాన్ని కూడగట్టుకోడానికి సాధారణంగా అంతకన్నా ఎక్కువ సమయం పడుతుంది.

కండరం ఎంత వేగంగా సంకోచిస్తే, అది ఇచ్చే బలం అంత తగ్గుతుంది. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఎ.వి. హిల్ 1938లో కప్ప కండరాలపై ప్రయోగాలు చేసి దీన్ని సమీకరణంగా చూపాడు. బలాన్ని వేగంతో గుణిస్తే వచ్చేది సామర్థ్యం. గరిష్ఠ బరువు దగ్గర వేగం దాదాపు సున్న. బరువు మరీ తేలికైతే బలం స్వల్పం. కాబట్టి సామర్థ్యం మధ్యరకం బరువుల దగ్గరే ఎక్కువ.

పైగా, మధ్యరకం బరువునైనా శక్తికొద్దీ వేగంగా ఎత్తితే శీఘ్రంగా సంకోచించే కండర తంతువులు పనిలోకి దిగుతాయి. స్ప్రింటరుకు కావలసినవి అవే.

లెక్క వేయడం ఎలా?

గరిష్ఠ బరువు తెలియాలంటే దాన్ని ఎత్తి చూడనక్కర లేదు. ఎప్లీ సూత్రం ఉంది: ఎన్నిసార్లు ఎత్తారో ఆ సంఖ్యను 30తో భాగించి, 1 కలిపి, బరువుతో గుణించండి. భుజాలపై 60 కిలోల రాడ్‌తో 5 బస్కీలు మాత్రమే తీయగలిగితే గరిష్ఠ బరువు సుమారు 70 కిలోలు. అందులో 75 శాతం అంటే 52.5 కిలోలు.

ఎన్నిసార్లు ఎత్తాలి? సోవియట్ వెయిట్‌లిఫ్టర్ల కోసం ప్రిలెపిన్ ఒక పట్టిక తయారు చేశాడు. దాని ప్రకారం 70-80 శాతం బరువుతో సెట్టుకు 3 నుంచి 6 సార్లు, మొత్తం 18 సార్లు ఎత్తడం మేలు. 90 శాతం దాటితే మొత్తం 7 సార్లే. స్ప్రింటరు కాళ్ళు ట్రాక్ మీద ముందే అలసి ఉంటాయి కాబట్టి ఈ అంకెలు కూడా కొంత తగ్గించుకోవాలి. పోటీ దగ్గర పడేకొద్దీ మొత్తం సంఖ్యను ఇంకా తగ్గించి, మిగిలిన వాటిని చురుగ్గా ఎత్తాలి.

మీరూ కళాశాల జట్టులో ఉన్నారా? స్నేహితుడితో పందెం వేసి గరిష్ఠ బరువు ఎత్తకండి. నడుముకో మోకాలికో దెబ్బ తగిలితే ఆ ఏడాది పోటీలే పోవచ్చు. కోచ్ సమక్షంలో ఖాళీ రాడ్‌తో మొదలుపెట్టి భంగిమ నేర్చుకోండి. ఆ తరవాత, రాడ్ పైకి లేచే వేగాన్ని గమనిస్తూ ఉండండి. అది మందగించిందంటే, ఆ రోజుకు ఆపవలసిన సమయం వచ్చిందన్నమాట.