పట్టా ఉన్న ఇల్లు, లేని ఇల్లు

ఓటు అందరికీ ఒక్కటే. ఆదాయం మాత్రం కొద్దిమంది దగ్గరే పోగుపడుతుంది. తక్కువ ఉన్నవాళ్లే ఎక్కువమంది కదా, మరి ఉన్నవాళ్ల మీద పన్ను పెంచి ఆ డబ్బు బడికీ ఆసుపత్రికీ పింఛన్లకీ మళ్లించమని ఎన్నికల్లో ఎందుకు పట్టుబట్టరు? 1981లో అలన్ మెల్ట్‌జర్, స్కాట్ రిచర్డ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ విషయాన్ని లెక్కగట్టారు. ఆదాయంలో సరిగ్గా మధ్యన ఉన్న ఓటరు సగటుకు ఎంత దిగువన ఉంటే ఆ దేశంలో పంపకం అంత పెరగాలి. కానీ జనం అలా నడుచుకోలేదు. అమెరికాలో 1980ల నుంచి అంతరాలు బాగా పెరిగినా, పంపకం కోరేవాళ్లు ఆ మేరకు పెరగలేదు.

మనిషి ఇవాళ్టి సంపాదన ఒక్కటే చూసుకోడు. రేపు తానో తన పిల్లలో పైకొస్తారా అన్నది కూడా లెక్కలో వేసుకుంటాడు. ఆ నమ్మకం ఎక్కడ పుడుతుందో తేల్చడం కష్టం. అది ఉన్నందువల్ల ఎదిగాడా, ఎదిగాక వచ్చిందా అన్నది చెప్పలేం. ఈ చిక్కుముడిని విప్పిన చోటు అర్జెంటీనాలోని ఒక బస్తీ.

అదే 1981లో, సైనిక పాలన నడుస్తుండగా, బ్యూనస్ ఐరిస్ శివార్లలోని సాన్ ఫ్రాన్సిస్కో సొలానోలో దాదాపు 1,800 పేద కుటుంబాలు ఒక బీడు భూమిని ఆక్రమించుకున్నాయి. సర్కారు స్థలమే అనుకున్నారు. ఇష్టం వచ్చినట్టు గుడిసెలు వేసుకోకుండా, నేలను ప్లాట్లుగా కొలిచి పంచుకున్నారు. ఖాళీ చేయించాలని చూస్తే ఎదురు నిలిచారు. తీరా ఆ భూమి వేర్వేరు ప్రైవేటు యజమానులదని తేలింది. ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక 1984లో అక్కడి శాసనసభ ఒక చట్టం చేసింది. యజమానులకు పరిహారమిచ్చి, అక్కడ ఉంటున్నవాళ్లకే పట్టాలివ్వాలన్నది దాని సారాంశం. కొందరు యజమానులు ఇచ్చింది పుచ్చుకున్నారు. మిగతావాళ్లు చాలదని కోర్టుకెక్కారు, దావాలు ఏళ్ల తరబడి సాగాయి. దాంతో ఒకే బస్తీలో కొన్ని ఇళ్లకు పట్టా వచ్చింది, కొన్నిటికి రాలేదు. ఎవరి ప్లాటు ఏ యజమాని భూమిలో పడిందో ఆక్రమించిన రోజున ఎవరికీ తెలియదు. కాబట్టి కష్టజీవికి దక్కింది, సోమరికి దక్కలేదు అనడానికి వీల్లేదు.

రఫేల్ డి తెల్లా, సెబాస్టియన్ గలియానీ, ఎర్నెస్తో షార్గ్రోద్‌స్కీ అనే పరిశోధకులు ఈ రెండు రకాల ఇళ్లలోనూ ప్రశ్నలు అడిగించారు. మనిషి సొంతంగా పైకి రాగలడా, లేక వెనక పదిమంది ఉండాల్సిందేనా? సంతోషంగా ఉండాలంటే డబ్బు ముఖ్యమా? 2007లో ఫలితాలు అచ్చయ్యాయి. సొంతంగా రాగలం, డబ్బు ముఖ్యమే అన్న జవాబులు పట్టా ఉన్న ఇళ్లలో ఎక్కువ. స్వేచ్ఛా మార్కెట్‌కు అనుకూలమైన భావాలను కలిపి ఒక సూచీ కడితే, అది ఆ ఇళ్లలో 20 శాతం ఎక్కువగా తేలింది. వాళ్ల ఆలోచనలు బ్యూనస్ ఐరిస్ సాధారణ జనం ఆలోచనలకు దగ్గరికొచ్చాయి, బతుకులు మాత్రం రాలేదు. గలియానీ, షార్గ్రోద్‌స్కీ 2010లో ప్రచురించిన మరో పరిశోధన ప్రకారం పట్టా వచ్చినవాళ్లు ఇళ్లు బాగుచేసుకున్నారు, పిల్లల్ని ఎక్కువ చదివించారు. సంపాదన మాత్రం పక్కింటివాళ్ల కన్నా పెరగలేదు.

నన్ను బాగా కదిలించినది ఇదే. కూలీ అదే, పని అదే. ఈ నేల నుంచి ఇక ఎవరూ వెళ్లగొట్టలేరన్న ధీమా ఒక్కటే తేడా. పదిమంది అండ లేనిదే బతకలేం అన్న, పట్టా రాని పక్కింటాయన మాటను చేతకానితనం కింద జమకట్టడం అన్యాయం. ఆయన కళ్లముందు జరిగింది చూసి ఆయన ఆ మాట అన్నాడు. పట్టా వచ్చిన ఇంటాయనా అంతే.

ఎవరి లోకం ఎంత ఇరుకో బ్యూనస్ ఐరిస్‌లోనే మరో సర్వే చూపించింది. గిల్లెర్మో క్రూసెస్ బృందం 2013లో ప్రచురించిన ఆ పరిశోధనలో, దేశంలో మీ కుటుంబం ఏ మెట్టు మీద ఉందని అడిగితే పేదల్లో చాలామంది ఉన్నదానికంటే పైన, ధనికుల్లో చాలామంది కింద చెప్పుకున్నారు. ఇరుగుపొరుగును చూసే దేశాన్ని అంచనా వేశారన్నమాట. తమను ఎక్కువగా ఊహించుకున్న పేదలకు అసలు స్థానం చెప్పాక, పంపకం పెంచాలన్న కోరిక వాళ్లలో బలపడింది.

అలాగని నిజం చెబితే చాలు, మనసు మారుతుందనుకోలేం. క్రిస్టఫర్ హోయ్, ఫ్రాంజిస్కా మేగర్ ఇలాంటి ప్రయోగాన్నే మన దేశంతో సహా పది దేశాల్లో చేసి 2021లో ప్రచురించారు. మీరనుకున్నంత పైన లేరని చెప్పినా పేదల్లో పంపకానికి మద్దతు పెరగలేదు. పైగా అంతరాల గురించిన బెంగ తగ్గింది. అట్టడుగు అంటే మా బతుకేనా, అయితే అది మరీ అంత ఘోరం కాదులే అనుకుని ఉంటారని పరిశోధకుల వివరణ. నాకది సబబుగానే తోస్తోంది.

ఇక అమెరికా. అట్టడుగు ఐదో వంతు ఇళ్లలో పుట్టిన పిల్లల్లో ఎంతమంది పై ఐదో వంతుకు చేరతారు? అల్బెర్టో అలెసీనా, స్టెఫానీ స్టాన్‌చేవా, ఎడోర్డో టెసో 2018లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికన్ల అంచనా సగటున 11.7 శాతం. నిజం 7.8 శాతం. ఐరోపావాళ్లు ఉన్నదానికంటే తక్కువ ఊహించుకున్నారు. ఇంకో వింత ఏమిటంటే, ఎదుగుదల తక్కువగా ఉన్న అమెరికా రాష్ట్రాల్లోనే ఆశ ఎక్కువ. అక్కడి నగరాల మధ్యా ఇలాంటి తేడాలే. రాజ్ చెట్టి బృందం 2014లో చూపిన లెక్కల ప్రకారం శాన్ హోసేలో 12.9 శాతం పేద పిల్లలు పైకి చేరుతుంటే షార్లెట్‌లో 4.4 శాతమే చేరుతున్నారు.

అలెసీనా బృందం ఎదగడం ఎంత కష్టమో వివరించి చెప్పాక వామపక్షం వైపు మొగ్గేవాళ్లు ఎక్కువ పంపకం కోరారు, ముఖ్యంగా పేదపిల్లలకు అవకాశాలు పెంచే పనులకు. కుడివైపు మొగ్గేవాళ్లూ ఎదగడం కష్టమేనని ఒప్పుకున్నారు. పంపకం గురించి మాత్రం వాళ్ల అభిప్రాయం మారలేదు. ప్రభుత్వం వేలు పెడితే పరిస్థితి ఇంకా పాడవుతుందని వాళ్లు భయపడుతుండవచ్చని పరిశోధకులు అనుకుంటున్నారు.