ధనియుని మట్టికుటి, తాబో మట్టిగోడలు

వినయపిటకంలో రెండవ పారాజికకు నిదానంగా ధనియుని వృత్తాంతం ఉన్నది. కుమ్మరి కుమారుడైన ఈ భిక్షువు రాజగృహ సమీపాన ఇసిగిలి కొండవాలులో గడ్డికుటి కట్టుకొన్నాడు. ఆయన భిక్షకు వెళ్ళిన వేళ గడ్డి, కట్టెలు ఏరుకొనేవారు దానిని మూడు పర్యాయాలు విప్పుకొనిపోయారు. అంతట ఆయన కేవలం మట్టితో కుటి కట్టి, గడ్డి, కట్టెలు, పేడ పోగుచేసి కాల్చాడు. అది ఆరుద్ర పురుగువలె ఎర్రనై, తట్టితే చిరుగంటవలె మ్రోగేదట. గృధ్రకూటం దిగివస్తూ దానిని చూచిన భగవానుడు, ప్రాణులపట్ల కరుణ లోపించిన పని అని మందలించి, పడగొట్టవలసిందిగా భిక్షువులను ఆదేశించాడు.

ఇది కేవలం మట్టితో కట్టిన కుటిపై నిషేధమే గాని, ఇటుకపై నిషేధం కాదు. చుల్లవగ్గంలో ఇటుక, రాయి, కొయ్య అనుమతింపబడినవి; నాగార్జునకొండ విహారాలు కాల్చిన ఇటుకవే. ఆక్షేపణ దహనంలో జరిగిన ప్రాణిహింసకు సంబంధించినది. గోడ ఎంత అందమైనదని కాక, దాని తయారీలో ఎవరికి హాని కలిగినదని విచారించడమే ఈ కథ నేర్పే దృష్టి.

నేటి సిమెంటుకు ఈ విచారణ సరిగ్గా వర్తిస్తుంది. సున్నపురాతిని సుమారు 1,450 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కాల్చినప్పుడు ఇంధనం నుండే కాక, రాతి నుండి కూడా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ప్రపంచంలో మానవుని వలన వెలువడే ఆ వాయువులో సుమారు 7, 8 శాతం సిమెంటు తయారీదే.

కాల్చని మట్టి ఎంతకాలం నిలుస్తుందన్న సందేహానికి స్పితి లోయలోని తాబో విహారం సమాధానం. క్రీ.శ. 996లో స్థాపితమైన ఈ విహారం ఎండబెట్టిన ఇటుకలతో కట్టినది. మందమైన గోడలు పగటి వేడిని గ్రహించి రాత్రివేళ మెల్లగా విడుస్తాయి. కొయ్య దూలాలపై సన్నని కొమ్మలు, వాటిపై బంకమట్టి పరచడం ఆ ప్రాంతపు పైకప్పు పద్ధతి. 1975 కిన్నౌర్ భూకంపంలో విహారం దెబ్బతిన్నప్పటికీ, ప్రాచీన మందిరం నేటికీ నిలిచి ఉన్నది.

అయితే మట్టి తనంతట తాను నిలువదు. మంచును ఎప్పటికప్పుడు తొలగించడం, పైకప్పుకు మరల మట్టి వేయడం, గోడలను మెత్తడం సంఘమూ గ్రామస్థులూ కలిసి చేయవలసిన పనులు. వర్షం తక్కువైన సీమకు ఏర్పడిన ఈ పద్ధతి కుండపోతను తట్టుకోలేదు. 2010 ఆగస్టులో లేహ్ ప్రాంతంలో అనేక మట్టి ఇళ్ళు కూలినవి. అందుకని గోడలపై సిమెంటు పూయడం పొరపాటు. లోపలి తేమ బయటికి పోలేక గోడ అడుగుభాగం కరగిపోతుంది; చిత్రాలున్న గోడలకు ఇది మరింత ప్రమాదకరం.

కొత్త సమావేశ మందిరం తలపెట్టే సంఘాలు కొన్ని జాగ్రత్తలు పాటించాలి. పునాదిని, గోడ అడుగుభాగాన్ని రాతితో ఎత్తుగా కట్టాలి. చూరు వెలుపలికి చాలినంత సాగాలి. కిటికీ అడుగున, ద్వారబంధం పైన గోడల చుట్టూ కొయ్య పట్టీలు అమర్చాలి. మట్టికట్టడాల భూకంప రక్షణకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 13827 మార్గదర్శకం. పొలాల పైమట్టిని తీయరాదు. కొయ్య కోసం అడవి నరకడం ధనియుని దోషాన్ని మరొక రూపంలో చేయడమే.

వీటన్నిటికంటె ముందు తేల్చుకోవలసినది ఒకటి ఉన్నది: ఏటేటా ఈ గోడను మెత్తే చేతులు ఎవరివి? ఆ చేతులు లేనిచోట మట్టిమందిరం కూడా నిలువదు.