ఆఫీసులో మీ పేరు తప్పుగా పిలుస్తున్నారా?

ఉద్యోగంలో చేరి ఆరు నెలలైనా పక్క సీటు వాళ్లు రఫీని షఫీ అంటారు. నస్రీన్‌ని నౌషీన్ అంటారు. అబ్దుల్ రహీమ్ కాస్తా ఉత్త 'అబ్దుల్' అయిపోతాడు. మొదట్లో నవ్వి ఊరుకుంటాం. తర్వాత చెప్పడానికి మొహమాటం. చివరికి ఆ తప్పు పేరే ఆఫీసంతా పాకిపోతుంది. మన ఇళ్లలో ఉద్యోగాలు చేసే పిల్లలు చాలామందికి ఇది తెలిసిన బాధే.

పేరు చిన్న విషయం కాదు. అమ్మీ అబ్బా అర్థం చూసి, పెద్దల్ని అడిగి పెట్టిన పేరది. ఎదుటివాళ్లను నొప్పించే మారుపేర్లతో పిలవొద్దని ఖుర్ఆన్‌లో సూరా హుజురాత్ 11వ ఆయత్ చెబుతుంది. అయితే ప్రతి తప్పు వెనకా చెడు ఉద్దేశం ఉంటుందనుకుంటే అదీ పొరపాటే. ముందు తప్పు ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి.

నోరు తిరగక వచ్చే తప్పు

ఉర్దూలో 'జ' లాంటి శబ్దానికి జీమ్ ఒక్కటే లేదు. జే, జాల్, జాద్, జోయ్ అనే నాలుగు అక్షరాలు వేరే ఉన్నాయి. జుబేర్, జాకిర్, జియా, జహీర్ అనే నాలుగు పేర్లు ఆ నాలుగు అక్షరాలతో మొదలవుతాయి. తెలుగులో రాస్తే అన్నిటికీ ఒకటే 'జ'. ఖాసిమ్‌లో గొంతులోంచి వచ్చే శబ్దానికీ, ఖాలిద్‌లోని శబ్దానికీ తెలుగులో సరైన అక్షరాలు లేవు. కాబట్టి తెలుగు మాత్రమే తెలిసిన సహోద్యోగి కాగితం మీద చూసి చదివితే తప్పు రావడం సహజం.

దీనికి తెలుగులోనే ఒక ఉపాయం ఉంది. 'జాతి'లో జ వేరు, 'జొన్న'లో జ వేరు కదా. "నా పేరులో జ, జొన్నలో జ లాగా పలకండి, చాలు" అని చెబితే జుబేర్, జాకిర్ చాలావరకు దారిలో పడతాయి. ఉర్దూ ఉచ్చారణ అచ్చంగా రాకపోయినా పర్వాలేదు. ప్రయత్నం కనిపిస్తే అదే గౌరవం.

పేరు ఎలా కట్టారో తెలియక వచ్చే తప్పు

'అబ్దుల్' ఒక్కటే పూర్తి పేరు కాదు. అబ్ద్ అంటే దాసుడు. అబ్దుల్ రహీమ్ అంటే కరుణామయుడి దాసుడు. మధ్యలో కోసేస్తే 'ఫలానావారి దాసుడు' అనే మాటలో ఆ 'ఫలానా' ఎగిరిపోయినట్టే. అబ్దుల్ కరీమ్, అబ్దుల్ సత్తార్, అబ్దుల్ ఖాదర్, ముగ్గురూ ఒకే ఆఫీసులో ఉంటే ముగ్గురూ 'అబ్దుల్'లే అయిపోతారు.

ఆంధ్ర జిల్లాల్లో షేక్, సయ్యద్, పఠాన్ ఇంటిపేర్లలా ముందు రాస్తారు. హైదరాబాద్ వైపు చాలామంది పేర్లకు ముందు మొహమ్మద్ ఉంటుంది. కంప్యూటర్ మొదటి మాటనే అసలు పేరు అనుకుంటుంది. దాంతో ఈమెయిల్స్‌లో "డియర్ షేక్", "హాయ్ మొహమ్మద్" అని వస్తుంటాయి. మాజీ రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలామ్ పేరులోని 'జే' ఆయన తండ్రి జైనులాబ్దీన్‌ది. ఆయన సొంత పేరు అబ్దుల్ కలామ్. పేరు కట్టే పద్ధతి ఊరికో రకంగా ఉంటుంది, అది చెబితేనే ఎదుటివాళ్లకు తెలుస్తుంది.

ఎలా చెప్పాలి?

మొదటి వారంలోనే చెప్పేయడం మేలు. ఆలస్యమయ్యే కొద్దీ చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ ఇబ్బంది. నలుగురి ముందు కాకుండా టీ తాగేటప్పుడో, పని అయ్యాకో మెల్లగా చెప్పాలి.

"సార్, నా పేరు అబ్దుల్ రహీమ్. అబ్దుల్ ఒక్కటే అంటే సగం పేరు అవుతుంది. పొట్టిగా పిలవాలంటే రహీమ్ అనండి."

"మేడమ్, నేను నస్రీన్‌ని. నౌషీన్ అకౌంట్స్‌లో ఉంటారు."

ఇంతే. క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు, కోపమూ అక్కర్లేదు. మళ్లీ తప్పితే మళ్లీ ఒక్క మాటతో సరిచేయాలి. అలవాటైన తప్పు ఒక్కసారికి పోదు. ఈమెయిల్ కింద సంతకంలో పిలవాల్సిన పేరు విడిగా రాయొచ్చు. లింక్డిన్‌లో పేరు ఉచ్చారణను సొంత గొంతుతో రికార్డు చేసి పెట్టే వీలుంది. చెప్పడానికి బిడియంగా ఉంటే, సరిగ్గా పిలిచే సహోద్యోగి సాయం అడగాలి. పక్కవాళ్లు "షఫీ కాదండీ, రఫీ" అంటే తొందరగా ఎక్కుతుంది.

కావాలని అంటుంటే

ఎన్నిసార్లు చెప్పినా మార్చుకోకుండా, పేరు వంకర తిప్పి నవ్వడం వేరే సంగతి. పేరు ఉండగా మగవాళ్లందరినీ 'భాయ్' అనీ, ఆడవాళ్లందరినీ 'బేగం' అనీ పిలవడమూ అందరికీ నచ్చదు. ప్రేమగా అన్నదా, ఎగతాళిగా అన్నదా అనేది వినేవాళ్లకు తెలుస్తుంది. "ఇలా పిలవడం నాకు నచ్చడం లేదు" అని సూటిగా చెప్పాలి. అప్పటికీ ఆగకపోతే ఏ తేదీన, ఎవరి ముందు, ఏమన్నారో రాసి పెట్టుకుని మేనేజర్‌కు, తర్వాత హెచ్‌ఆర్‌కు లిఖితపూర్వకంగా ఇవ్వాలి.

కాగితాల్లో తప్పు మరీ ప్రమాదం

నోటితో పిలిచే తప్పు రికార్డుల్లోకి ఎక్కితే నష్టం డబ్బు రూపంలో ఉంటుంది. ఆధార్‌లో మొహమ్మద్, పాన్‌లో ఎండీ, కంపెనీ రికార్డులో మొహ్ద్ అని ఉంటే పీఎఫ్ తీసుకునేటప్పుడు చిక్కొస్తుంది. పీఎఫ్ ఖాతాలో పేరు తప్పు పడితే కంపెనీతో కలిసి జాయింట్ డిక్లరేషన్ పెట్టాల్సి రావచ్చు. ఆధార్‌లో పేరు మార్పుకు మామూలుగా 2 సార్లే అవకాశం ఇస్తారు. అందుకే చేరిన రోజే అపాయింట్‌మెంట్ లెటర్‌లో, ఐడీ కార్డులో స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూసుకోవాలి. పిల్లల పేర్లు బడిలో రాయించేటప్పుడే జాగ్రత్తపడితే తర్వాత తిరుగుళ్లు తప్పుతాయి.

మన వంతు

హృషీకేశ్‌ని, ఝాన్సీని, మణిపూర్ నుంచి వచ్చిన కొత్త ఉద్యోగిని మనం సరిగ్గా పిలుస్తున్నామా? తెలియకపోతే "మీ పేరు ఎలా పలకాలి?" అని ముందే అడగడం మంచిది. అలా అడిగిన వాళ్లకు తమ పేరు ఎలా పలకాలో చెప్పడం కూడా తేలికవుతుంది.